ఏపీ 36 పాత డీజిల్ ఎస్‌యూవీ: ఒకటి బాగు చేయిస్తే ఇంకొకటి మొదలు. ఎక్కడి నుంచి చూడాలి?

ఏపీ36_బండి (హనుమకొండ)

అందరికీ నమస్తే. 2012 మోడల్, ఏడు సీట్ల డీజిల్ బండి. లాడర్ ఫ్రేమ్ (విడి ఛాసిస్ మీద బాడీ కూర్చునే రకం), 2.2 లీటర్ల కామన్ రైల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు. లక్షా ఎనభై వేలు దాటింది. కంపెనీ పేరు రాయను, రాస్తే థ్రెడ్ అంతా ఆ కంపెనీ మంచిదా కాదా అన్న పంచాయితీతోనే నిండిపోతుంది.

ఇంజిన్‌కు వంక పెట్టడానికి లేదు. ఆయిల్ తాగదు, పొగ లేదు. ప్రాణం తీసేవన్నీ చిన్న చిన్నవే. సెల్ఫ్ కొడితే ఒక్కోసారి టక్ అని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతుంది, మళ్లీ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. రాత్రి హెడ్‌లైట్లు, ఏసీ ఆన్‌లో ఉండగా ఇండికేటర్ వేస్తే మీటర్‌లో డీజిల్ ముల్లు ఆ టిక్ టిక్‌కు తగ్గట్టు ఊగుతుంది. ఏబీఎస్ (బ్రేక్ కొడితే చక్రాలు పట్టేయకుండా చూసేది) లైటు అప్పుడప్పుడు వెలుగుతుంది, బండి ఆపి తీస్తే పోతుంది. డ్రైవర్ వెనక డోర్ అద్దం దిగితే ఎక్కదు. ఎండాకాలం కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏసీలోంచి వేడి గాలి, హైవే ఎక్కితే మళ్లీ చల్లగా. ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు కింద టంగ్ అని మోత.

బ్యాటరీ కొత్తది వేశాం. ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) రీవైండింగ్ అయింది. సెల్ఫ్ మోటారు విప్పి బుష్‌లు, బ్రష్‌లు మార్చారు. ఏ షాపుకు పోయినా ఒక కొత్త సామాను పేరు చెప్తున్నారు. ఇంట్లో అమ్మేయమంటున్నారు. నాన్న కొన్న బండి, నాకు మనసొప్పడం లేదు.

జనగామ_టీచర్

అన్నా, నా బండికీ ఇదే కథ. ఏబీఎస్ లైటు చూసి వీల్ సెన్సార్ మార్చారు. సెన్సార్ కొత్తది, లైటు మాత్రం పాతదే. మీకు జవాబు దొరికితే నాకూ పనికొస్తుంది.

భూపాలపల్లి_సెకండ్‌షిఫ్ట్

నిజం చెప్తే కోపం వద్దు. 2012 అంటే 2027లో ఆర్సీకి 15 ఏళ్లు నిండుతాయి. కార్లకు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాదు, 5,000. దాని మీద గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్ అదనం. ఇప్పుడు అమ్మితే ఎంతో కొంత వస్తుంది. మా వైపు బొగ్గు లారీల వెనక తిరిగిన బండ్లయితే రెండేళ్లు ఆగితే ఊరికే ఇచ్చినా తీసుకోరు.

హంటర్‌రోడ్_గ్యారేజ్

అమ్మడం ఆఖరి మాట, ముందు బండి చూద్దాం. 15 ఏళ్లు దాటినా ఐదేళ్లకోసారి రెన్యూ చేస్తారు. ఇంజిన్ బాగున్న లాడర్ ఫ్రేమ్ బండి అమ్మి, ఆ డబ్బుతో ఇంకొకరి సెకండ్ హ్యాండ్ తెచ్చుకుంటే ఆయన వదిలించుకున్న సమస్యలు మీ ఇంటికొస్తాయి.

నా అనుభవంలో మీరు చెప్పిన ఆరింటిలో మూడు ఒకే చోట నుంచి వస్తున్నట్టున్నాయి. మిగతా మూడూ దేనికది వేరు. అన్నీ కలిపి "కరెంట్ ప్రాబ్లం" అని ఎవరైనా అంటే నమ్మకండి. నేను ఊహించి చెప్పేకంటే లోకోషెడ్ కాకాను పిలుస్తా. @లోకోషెడ్_కాకా కొంచెం ఇటు రండి.

గ్రానైట్_కరీంనగర్

బ్యాటరీ మంచి కంపెనీదే వేశారా? ఆంపియర్లు తక్కువ వేసి ఉంటారు. నేనైతే రెండు సైజులు పెద్దది వేసుకున్నా, గొడవ లేదు.

లోకోషెడ్_కాకా (కాజీపేట)

పిలిచినందుకు వచ్చా. ఇంజిన్లకు ఎలక్ట్రికల్ పని చేసి రిటైర్ అయినోణ్ణి, కార్ల మెకానిక్‌ను కాదు. కానీ కరెంటు రైలింజిన్‌లో ఒక తీరు, కారులో ఇంకో తీరు నడవదు.

తమ్మీ, డీజిల్ ముల్లు ఇండికేటర్‌తో పాటు ఊగుతుంది అన్నావు చూడు, నాకు ఆ ఒక్క మాట చాలు. ఆ ముల్లుకూ ఇండికేటర్‌కూ నేరుగా సంబంధం లేదు, ఇలా ఊగితే ముందు అనుమానించాల్సింది రెండూ కలిసే ఎర్త్‌ను, అంటే బాడీ ఇనుము గుండా కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి పోయే దారిని. ఇండికేటర్ బల్బు కరెంటు వెనక్కి పోవడానికి సరైన దారి లేక మీటర్ దారిలో దూరుతోంది.

మీది లాడర్ ఫ్రేమ్. ఇంజిన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుంటుంది. బాడీ కూడా ఛాసిస్ మీద రబ్బరు బుష్‌ల మీదే ఉంటుంది. అంటే ఇంజిన్, ఛాసిస్, బాడీ ఇనుముతో చేసినవే అయినా ఒకదానికొకటి నమ్మకంగా తగలవు. వాటిని కలిపేది అల్లిన రాగి పట్టీలు, లావు నల్ల కేబుళ్లు. పదేళ్లు బురద, వాషింగ్ నీళ్లు తాగితే బోల్టు కింద పచ్చగా చిలుము పడుతుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది, లాగినా రాదు.

ఏ సామానూ కొనకు. 400, 500లో దొరికే డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొను. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టు. ఓమ్స్‌లో పెట్టి చూడొద్దు, ఎందుకో కింద చెప్తా.

మొదటిది. బండి ఆపి, డోర్లు మూసి, కొన్ని గంటలు వదిలాక బ్యాటరీ మీద చూడు. 12.6 ఉంటే నిండుగా ఉంది, 12.2 అంటే సగం.

రెండోది. నల్ల ప్రోబ్ (మీటర్ వైరు చివరి మొన) బ్యాటరీ మైనస్ పోల్ మీద, అంటే క్లాంపు మీద కాదు, మధ్యలో ఉన్న సీసం బొడిపె మీదే గుచ్చు. ఎర్ర ప్రోబ్ ఇంజిన్ బ్లాక్ మీద పెయింట్ లేని చోట. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్. ఒకరిని సెల్ఫ్ కొట్టమను. స్టార్ట్ అయ్యేలోపు దొరికే ఆ ఒకటి రెండు సెకన్లలో మీటర్ ఎంత చూపిందో రాసుకో. 0.2, మహా అయితే 0.3 దాటొద్దు.

మూడోది. ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు హై బీమ్, ఏసీ బ్లోయర్ ఫుల్, వెనక అద్దం హీటర్ ఉంటే అది కూడా వేసి, మైనస్ పోల్‌కూ బాడీకీ మధ్య చూడు. 0.1 లోపల ఉండాలి.

నాలుగోది. అదే సమయంలో బ్యాటరీ రెండు పోల్స్ మధ్య చూడు. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఆల్టర్నేటర్‌ను మరిచిపో.

ఇక ఓమ్స్ ఎందుకు వద్దంటే, సెల్ఫ్ తిప్పేటప్పుడు డీజిల్ ఇంజిన్ 300 ఆంపియర్ల దాకా లాగుతుంది. దారిలో 0.005 ఓమ్ అడ్డం ఉంటే చాలు, 300ను దాంతో గుణిస్తే 1.5 వోల్టులు అక్కడే పోతాయి. మన చేతిలోని మీటర్‌కు 0.005కూ సున్నాకూ తేడా తెలియదు, బీప్ కొట్టి కనెక్షన్ బాగుంది అంటుంది. లోడ్ పెట్టి వోల్టులు చూస్తేనే దొంగ దొరుకుతాడు.

@గ్రానైట్_కరీంనగర్ పెద్ద బ్యాటరీ వేస్తే ఇలాంటి జబ్బు కొన్నాళ్లు కనిపించదు, అంతే.

జనగామ_టీచర్

కాకా, ఒక డౌట్. ఎర్త్ పట్టీ పాడైతే అసలు స్టార్టే కావొద్దు కదా? మళ్లీ కొడితే ఎలా స్టార్ట్ అవుతోంది?

లోకోషెడ్_కాకా

మంచి ప్రశ్న. పూర్తిగా తెగిపోలేదు కాబట్టి. చిలుము పొర మీద వేడికి, ఇంజిన్ అదురుకు ఒక్కోసారి కాంటాక్ట్ దొరుకుతుంది, ఒక్కోసారి దొరకదు. పైగా కరెంటు దారి మూస్తే పక్క సందు వెతుక్కుంటుంది. గేర్ కేబుల్, క్లచ్ కేబుల్, ఏవో సెన్సార్ల సన్న ఎర్త్ వైర్లు, ఎటు వీలైతే అటు. కేబుల్ ఉన్న పాత బండ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆ కేబుల్ వేడెక్కి లోపల ప్లాస్టిక్ కరిగిపోవడం చూశాను. కేబుల్ మార్చి పంపిస్తారు, నెలలో మళ్లీ పట్టేస్తుంది.

పరకాల_పత్తి

కరెంటు సంగతి పెద్దలు చూస్తున్నారు కాబట్టి నేను ఏసీ గురించి. అన్నా, మీరు ఏనుమాముల మార్కెట్ వైపు తిరుగుతారా? పత్తి సీజన్‌లో ఆ రోడ్డు మీద రోజూ తిరిగితే ముందు గ్రిల్ లోపలికి దూది పోయి పేరుకుంటుంది. కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) ముందు వైపు కడుగుతారు, శుభ్రంగా కనిపిస్తుంది. అసలు దూది కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో ఉంటుంది. పై బ్రాకెట్ బోల్టులు తీసి కండెన్సర్‌ను రెండు వేళ్ల మందం ముందుకు జరిపి, పైనుంచి టార్చి కొట్టి చూడండి. గ్యాస్ పైపులు విప్పక్కర్లేదు, నెమ్మదిగా చేస్తే చాలు. మా బండిలో చేత్తో తీస్తే బూడిద రంగు బొంత లాగా ఒకే ముక్కగా ఊడొచ్చింది.

కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్లతో. ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి.

హంటర్‌రోడ్_గ్యారేజ్

దూది మాట నూటికి నూరు పాళ్లు నిజం. దానితో పాటు ఫ్యాన్ కూడా చూడండి. మీది బెల్టు మీద తిరిగే విస్కస్ ఫ్యాన్ (వేడెక్కితే లోపలి ఆయిల్‌తో పట్టు బిగించేది) అయితే, బాగా వేడెక్కిన ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, ఫ్యాన్‌ను చేత్తో తోయండి. బరువుగా, ఎవరో పట్టుకున్నట్టు ఆగాలి. గిర్రున తిరుగుతూ పోతే లోపలి సిలికాన్ ఆయిల్ కారిపోయింది. మధ్యలో ఉన్న డబ్బా చుట్టూ జిడ్డు, దాని మీద దుమ్ము గీతలు కూడా కనిపిస్తాయి. హైవే మీద గాలి ముందు నుంచి తగులుతుంది కాబట్టి ఏసీ చల్లగానే ఉంటుంది, ఆగితేనే తెలుస్తుంది. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీల్లో ఇది బయటపడక మానదు. గ్యాస్ నింపించుకుని డబ్బులు పోగొట్టుకునేది ఎక్కువ మంది ఇక్కడే.

వెనక డోర్ అద్దం విషయం: డోర్‌కూ పిల్లర్‌కూ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది. అద్దం స్విచ్ పైకి పట్టుకుని డోర్‌ను మెల్లగా తెరుస్తూ మూస్తూ చూడండి. ఏదో ఒక కోణంలో అద్దం కదిలితే మోటారు బాగున్నట్టే, గొట్టం లోపల వైరు తెగింది. పై తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగుతుంది, అందుకే కంటికి కనిపించదు.

భూపాలపల్లి_సెకండ్‌షిఫ్ట్

నేను అమ్మమంటే మీరంతా కలిసి ఆయన్ను మెకానిక్ చేసేట్టున్నారు.

ఏపీ36_బండి

మీటర్ కొన్నాను. ఆదివారం మా బావమరిదిని సీట్లో కూర్చోబెట్టి చూశాం. లెక్కలివి.

బండి ఆగి ఉండగా బ్యాటరీ 12.58. ఇంజిన్ నడుస్తుండగా 14.2. మైనస్ పోల్ నుంచి ఇంజిన్ బ్లాక్‌కు సెల్ఫ్ కొట్టినప్పుడు 1.4. మైనస్ పోల్ నుంచి బాడీకి అన్ని లైట్లు వేసి 0.6.

1.4 చూసి మీటర్ పాడైందేమో అనుకుని మళ్లీ మళ్లీ చూశాం. అంతే వస్తోంది.

లోకోషెడ్_కాకా

మీటర్ బాగానే ఉంది. బ్యాటరీ, ఆల్టర్నేటర్ కూడా బాగానే ఉన్నాయి. రీవైండింగ్ డబ్బుల గురించి ఇప్పుడు ఆలోచించి లాభం లేదు.

ఇప్పుడు ఎర్ర ప్రోబ్‌ను ఒక్కో మెట్టు జరుపుతూ పో. ముందు మైనస్ క్లాంపు మీద పెట్టు. అక్కడ దాదాపు సున్నా రావాలి. తర్వాత ఆ కేబుల్ బాడీకి బిగించిన బోల్టు, తర్వాత ఛాసిస్, తర్వాత గేర్‌బాక్స్ దగ్గర పట్టీ ఈ చివర, ఆ చివర. ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగిరితే ఆ రెంటి మధ్యే ఉంది జబ్బు. కింద పడుకునేటప్పుడు జాకీని నమ్మొద్దు, స్టాండ్ పెట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కింద మనిషి ఉండొద్దు, ప్రోబ్‌కు పొడుగు వైరు కట్టి బయటికి తెచ్చుకో.

గ్రానైట్_కరీంనగర్

కాకా, నా బండికీ చూశా. ఇంజిన్ వైపు 0.45. సిగ్గుగా ఉంది గానీ రాస్తున్నా.

లోకోషెడ్_కాకా

ఇందులో సిగ్గేముంది. గ్రానైట్ దుమ్ములో తిరిగే బండికి అంతే వస్తుంది. విప్పి శుభ్రం చేసుకో, తగ్గుతుంది.

ఏపీ36_బండి

దొరికింది. క్లాంపు దగ్గర 0.03, బాడీ బోల్టు దగ్గర 0.5, గేర్‌బాక్స్ పట్టీ ఛాసిస్ చివర దాటగానే మిగతాదంతా. అంటే రెండు చోట్ల.

బాడీ బోల్టు విప్పితే కింద వాషర్ చుట్టూ పెయింటే ఉంది. ఎప్పుడో డెంటింగ్ పని చేయించినప్పుడు పెయింట్ మీదే బిగించేశారు. బోల్టు మరలతోనే ఇన్నాళ్లు కరెంటు నడిచింది. గేర్‌బాక్స్ పట్టీ ఇంకా ఘోరం. బయటి పోగులు బాగానే ఉన్నాయి, లగ్గు (బోల్టుకు బిగించే చివరి కొస) దగ్గర వంచితే లోపలంతా పచ్చటి పొడి. చేత్తో రెండుసార్లు వంచితే విరిగిపోయింది.

ఆటోనగర్‌లో లారీ ఎలక్ట్రీషియన్ దగ్గర 35 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్‌కు రెండు లగ్గులు హైడ్రాలిక్ క్రింపుతో నొక్కించాను. సామాను, పని కలిపి 600. బోల్టు కింద ఇనుము మెరిసేదాకా ఎమెరీ పేపర్ వేసి, బిగించాక పైన గ్రీజు పూశాను.

ఇప్పుడు ఇంజిన్‌కు 0.14, బాడీకి 0.04. సెల్ఫ్ తిరిగే శబ్దమే మారిపోయింది. డీజిల్ ముల్లు కదలడం లేదు. ఏబీఎస్ సంగతి ఇంకొన్నాళ్లు చూడాలి.

జనగామ_టీచర్

ఏబీఎస్‌కూ ఎర్త్‌కూ ఏంటి సంబంధం? నేను సెన్సార్‌కు డబ్బు పెట్టాను కాబట్టి అడుగుతున్నా, కడుపు మంట.

హంటర్‌రోడ్_గ్యారేజ్

సెల్ఫ్ కొట్టినప్పుడు ఏబీఎస్ యూనిట్‌కు అందే వోల్టేజ్ బాగా పడిపోతే అది "వోల్టేజ్ తక్కువ" అని కోడ్ రాసుకుని లైటు వేస్తుంది. సెన్సార్ తప్పేమీ ఉండదు. అందుకే లైటు చూసి సామాను మార్చకుండా ముందు కోడ్ చదివించాలి. వెయ్యి లోపు వచ్చే బ్లూటూత్ ఓబీడీ ముక్కలు (బండి కంప్యూటర్‌లోని కోడ్లు ఫోన్‌లో చూపేవి) చాలా వరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, ఏబీఎస్ కోడ్లకు ఆ కంపెనీ బండ్లు చదివే స్కానర్ ఉన్న షాపుకే పోవాలి. సీ0035 లాంటిది వస్తే ఎడమ ముందు చక్రం సెన్సార్ దారి చూడాలి. అప్పుడు కూడా ముందు వైరు, కప్లర్, రింగు మీద బురద చూసి, సెన్సార్ ఆఖరున.

మీ బండికి ముందు కాకా చెప్పిన నాలుగు లెక్కలు తీసి ఇక్కడ పెట్టండి.

పరకాల_పత్తి

@ఏపీ36_బండి ఏసీ చూశారా లేదా?

ఏపీ36_బండి

చూశా. మీరు చెప్పినంత బొంత రాలేదు గానీ కింది సగం మూసుకుపోయి ఉంది. దూది, చీమల పుట్ట మట్టి, ఒక చాక్లెట్ కాగితం. కడిగాక బాగా తేడా ఉంది. ఫ్యాన్ మాత్రం వేడి మీద కూడా గిర్రున తిరుగుతోంది, దానికి ఆర్డర్ పెట్టాను.

డోర్ అద్దం: గ్యారేజ్ అన్న చెప్పినట్టే సగం తెరిచినప్పుడు కదిలింది. రబ్బరు గొట్టం లాగితే రెండు వైర్లు తెగి ఉన్నాయి. సోల్డర్ చేయించనా?

హంటర్‌రోడ్_గ్యారేజ్

మడత పడే చోట సోల్డర్ వద్దు. సోల్డర్ పడిన చోట వైరు కడ్డీలా బిర్రుగా అవుతుంది, దాని పక్కనే మళ్లీ తెగుతుంది. గొట్టం బయట, పిల్లర్ లోపల ఒక జాయింటు, డోర్ లోపల ఒక జాయింటు పెట్టి, మధ్యలో సన్న పోగులు ఎక్కువున్న మెత్తటి వైరు కొత్తది లాగండి. రెండు వైర్ల జాయింట్లు పక్కపక్కనే రాకుండా ఒకటి ముందు, ఒకటి వెనక. గొట్టం మళ్లీ రెండు వైపులా సరిగ్గా కూర్చోవాలి, లేదంటే వానాకాలం పిల్లర్‌లోంచి నీళ్లు కాళ్ల కిందికి దిగుతాయి.

టంగ్ మోతకు: బండి చదునైన చోట ఆపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు శక్తి తీసుకెళ్లే పొడుగు గొట్టం) చేత్తో అటూ ఇటూ తిప్పండి. క్రాస్ (షాఫ్ట్ చివర వంగే జాయింటు) దగ్గర ఆట కనిపిస్తే క్రాస్ మార్చాలి. ఆట లేకపోతే గ్రీజు కొట్టించి చూడండి. క్రాస్ కప్పుల దగ్గర ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే గ్రీజుతో ఆగదు. మేడారం జాతరకు వాగు నీళ్లలో దించి తెచ్చిన బండ్లలో ఇది చాలా చూస్తాం, వచ్చిన వారంలో గ్రీజు కొట్టిస్తే సరిపోయేది.

ఏపీ36_బండి

మేడారం పోయాం. జంపన్న వాగు పక్కనే పార్కింగ్, కొంచెం దించాం కూడా. ఎర్ర పొడి ఉంది.

హంటర్‌రోడ్_గ్యారేజ్

అయితే క్రాస్ తెచ్చుకోండి. విప్పే ముందు షాఫ్ట్‌కూ ఫ్లాంజ్‌కూ పెయింట్ గీత పెట్టండి, అదే వరసలో బిగించాలి. లేదంటే 80 దాటాక కొత్త వణుకు వస్తుంది, దానికి ఇంకో థ్రెడ్ పెట్టాల్సి వస్తుంది.

జనగామ_టీచర్

నా లెక్కలు. బ్యాటరీ 12.6, ఇంజిన్ నడుస్తుంటే 14.1, ఇంజిన్ బ్లాక్‌కు 0.12, బాడీకి 0.05. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ సెల్ఫ్ టక్ అంటుంది, ఏబీఎస్ లైటూ ఉంది. కాకా, నాది ఎర్త్ కాదా?

లోకోషెడ్_కాకా

కాదు. ఎర్త్ దొరికిందని అందరి బండ్లలో ఎర్త్ వెతకొద్దు. మీకు టక్ అనే శబ్దం వస్తోందంటే తాళం నుంచి ఎంతో కొంత కరెంటు సెల్ఫ్ దాకా వస్తోంది. ఇప్పుడు ప్లస్ వైపు చూడండి. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ పోల్ మీద, నల్లది సెల్ఫ్ మోటారు సోలనాయిడ్ (తాళం తిప్పగానే మోటారుకు లావు కరెంటు కలిపే స్విచ్) దాటాక మోటారు లోపలికి పోయే లావు బోల్టు మీద. టక్ అని ఆగిన ఆ క్షణంలో చూడాలి. అర వోల్టు లోపల ఉంటే దారి బాగుంది, మోటారు లోపలే జబ్బు. ఏకంగా 12 చూపిస్తే సోలనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు అరిగిపోయాయి, ప్లంజర్ కొడుతోంది గానీ కలవడం లేదు. ఆ కాంటాక్టులు విడిగా దొరుకుతాయి, మొత్తం సెల్ఫ్ మార్చమంటే ఒప్పుకోకండి.

ఒకవేళ అర, పన్నెండు మధ్య ఏదైనా వస్తే సోలనాయిడ్ సన్న వైరు టెర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా చూసి రాయండి. అక్కడ సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కూడా రాకపోతే ఇగ్నిషన్ స్విచ్, రిలే వైపు పోదాం.

ఏబీఎస్ మాత్రం కోడ్ చదివించాకే మాట్లాడదాం.

జనగామ_టీచర్

ప్లస్ వైపు 11.8 వచ్చింది కాకా. కాంటాక్టుల జత జనగామలో లేదట, రేపు హనుమకొండ వస్తున్నా. పాతవి విప్పాక ఫొటో పెడతా.